కోచ్‌లతో నా మొదటి సీజన్: బాస్కెట్‌బాల్ రిఫరీగా నా అనుభవం

రిఫరీ పరీక్ష రాయాలనుకుంటున్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఈమధ్య నన్ను నియమాల గురించి పెద్దగా అడగడం లేదు. "అక్కా, కోచ్‌లు మీదికి వస్తే ఏం చేస్తావు?" అనే అడుగుతున్నారు. నేను 2024 జులైలో పరీక్ష రాసి, అక్టోబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా పాఠశాల, కళాశాల, అంతర్ జిల్లా మ్యాచ్‌లు చేశాను. ఆ ప్రశ్నకు నియమాల పుస్తకంలో సగం జవాబు ఉంది. మిగతా సగం కోర్టులో దొరికింది. ఎలా దొరికిందో జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

మాది విజయవాడ. యూనివర్సిటీ జట్టుకు ఆడాను. మోకాలి లిగమెంటు తెగి శస్త్రచికిత్స అయ్యాక, పరుగెత్తవచ్చు కానీ పోటీల్లో ఎగిరి దూకడం ఇక వద్దని డాక్టరుగారు తేల్చి చెప్పారు. కోర్టుకు దూరంగా ఉండటం నావల్ల కాలేదు. మే నెలలో రిఫరీ పరీక్షకు దరఖాస్తు పెట్టాను. ఫీజు వెయ్యి రూపాయలు. జులైలో పరీక్ష జరిగింది. మొదటి రోజు రాతపరీక్ష, బీప్ శబ్దానికి 20 మీటర్ల గీతల మధ్య పరుగు. రెండో రోజు సంజ్ఞలు, మౌఖిక పరీక్ష, ఆ తర్వాత నిజమైన మ్యాచ్‌లో విజిల్.

మౌఖిక పరీక్షలో నా ముందున్న అబ్బాయిని, "కోచ్ వచ్చి అది ఫౌల్ ఎలా అయిందని అడిగితే ఏం చెబుతావు?" అన్నారు. అతను నియమం నంబరుతో సహా గడగడా అప్పజెప్పాడు. పరీక్షకులు ఓపిగ్గా విని, "ఆయనకు నంబరు ఎందుకయ్యా? నువ్వు ఏం చూశావో చెప్పు, చాలు" అన్నారు. ఆ మాట నేను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఆ సాయంత్రమే మాకు ఇంకో పాఠం జరిగింది. పాతికేళ్ళకు పైగా విజిల్ వేసిన ఒక సీనియర్ రిఫరీ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని సైడ్‌లైన్ పక్కన కోచ్‌లా కూర్చున్నారు. మేము ఒక్కొక్కరం మ్యాచ్ నడపాలి, ఆయన అరుస్తూ ఉంటారు. "స్టెప్స్! స్టెప్స్ మేడం! మూడు సెకండ్లు ఎప్పుడో అయ్యాయి! ఒకవైపే చూస్తారా?" అరుపు వినగానే తల అటు తిప్పిన వాళ్ళందరినీ ఆపి, "అరుపుకు బదులు చెప్పాల్సిన పని లేదు. నీ కళ్ళు పిల్లల మీద ఉండాలి" అన్నారు. చేతులు కట్టుకుని నిలబడవద్దన్నారు, నడుం మీద చేతులు పెట్టుకోవద్దన్నారు. కోచ్‌కు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ఇద్దరూ కోర్టు వైపు చూస్తూ మాట్లాడుకోవాలన్నారు. ఎదురెదురుగా నిలబడితే గ్యాలరీలో ఉన్నవాళ్ళకు అది కొట్లాటలా కనబడుతుందట. కోచ్ ప్రశ్న అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి వచ్చేయాలి. ఆవేశంలో ఏదో అంటే వినిపించుకున్నట్టు తల ఊపి ఆటలోకి వెళ్ళాలి. మనిషిని కించపరిస్తే మాత్రం ఆలోచించకుండా విజిల్ వేయాలి. ఈ మూడింటినీ వేరు చేయడం ఆ కుర్చీ పక్కన నిలబడి నేర్చుకున్నదే నాకు సీజన్ అంతా పనికొచ్చింది.

ఫలితాలకు రెండు నెలలకు పైగా ఎదురుచూశాం. సెప్టెంబరు చివర్లో ఉత్తీర్ణురాలినని ఫోను వచ్చింది. అక్టోబరు 1 నుంచి ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కొత్త నియమావళి అమల్లోకి రావడంతో, పరీక్ష కోసం చదివిన పుస్తకం పక్కనపెట్టి మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది. బూడిదరంగు చొక్కా, నల్ల ప్యాంటు కుట్టించుకున్నాను. పూర్తిగా నల్లగా ఉండే బూట్లకు 3,500 అయింది. లోపల గోళీ లేని విజిల్ రెండు కొన్నాను, ఒక్కొక్కటి దాదాపు 600. ఫీజుతో కలిపి మొదటి మ్యాచ్‌కు ముందే 8,000 దాకా ఖర్చయింది. మ్యాచ్‌కు మాకిచ్చేది 300.

మొదటి మ్యాచ్‌లు సిమెంటు కోర్టుల మీద, పొద్దున్నే ఏడింటికి. ఫిబా నియమం ప్రకారం కోర్టు బయట బెంచీ ప్రాంతానికి గీతలుండాలి. ఒకటి ఎండ్‌లైన్ కొనసాగింపుగా, ఇంకొకటి మధ్య గీతకు అయిదు మీటర్ల దూరంలో, రెండూ కనీసం రెండు మీటర్ల పొడవు. మన పాఠశాల మైదానాల్లో ఆ గీతలు చాలాచోట్ల కనబడవు. గీత లేనిచోట కోచ్‌ను "లోపల ఉండండి సార్" అంటే, "ఏ లోపల?" అని అడుగుతారు, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే నా సంచిలో ఇప్పుడు సుద్దముక్కల డబ్బా ఉంటుంది. మ్యాచ్‌కు 20 నిమిషాల ముందు రిఫరీల అధికారం మొదలవుతుంది. ఆ సమయంలోనే నేనే వంగి గీతలు గీస్తాను. కోచ్‌లు చూస్తుండగా గీస్తే తర్వాత వాదన ఉండదు.

నేను ఊహించనిది బెంచీ మీద జనం. హెడ్ కోచ్, ఆటగాళ్ళు కాకుండా, సహాయ కోచ్‌లతో కలిపి జట్టుతో వచ్చినవాళ్ళు ఎనిమిది మంది వరకు కూర్చోవచ్చు. కొన్ని పాఠశాల జట్లకు కరస్పాండెంటుగారు, ఆయన మిత్రులు, వ్యాన్ డ్రైవరు, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అంతా అక్కడే కూర్చుంటారు. అందరూ అరుస్తారు. నిజానికి హెడ్ కోచ్, మొదటి సహాయ కోచ్‌లలో ఒక సమయంలో ఒక్కరే నిలబడవచ్చు. సహాయ కోచ్ రిఫరీతో మాట్లాడనే కూడదు. ఆట మొదలయ్యాక ఈ మాట చెబితే గొడవ. పది నిమిషాల ముందు హెడ్ కోచ్ స్కోర్‌షీట్ మీద సంతకం చేసి, మొదటి అయిదుగురి పేర్లు ఖరారు చేయడానికి టేబుల్ దగ్గరికి వస్తారు కదా, అదే మంచి సమయం. నమస్కారం పెట్టి, ఇద్దరు కోచ్‌లకూ ఒకే మాట, ఒకే గొంతుతో చెబుతాను: "సార్, మీరు ఏదైనా అడగాలంటే బంతి ఆగినప్పుడు నన్ను అడగండి, చెబుతాను. మిగతావాళ్ళు కూర్చునేలా మీరే చూడండి." బెంచీ బాధ్యత తన మీద పెట్టేసరికి చాలామంది కోచ్‌లు వాళ్ళే వెనక్కి తిరిగి, "మీరు వెళ్ళి చెట్టు కింద కూర్చోండి" అని పంపించేవారు.

టీ విషయం కూడా చెప్పాలి. టోర్నమెంటుల్లో రిఫరీలు, కోచ్‌లు ఒకే హాస్టల్లో దిగుతారు, ఒకే వరుసలో భోజనాలు. ఒక కోచ్ ఆప్యాయంగా "రండమ్మా, టీ తాగుదాం" అంటారు. ఆయన మనసులో ఏమీ ఉండకపోవచ్చు. కానీ రెండో జట్టు కోచ్ ఆ గ్లాసును చూస్తారు. మొదటి వారంలోనే నా భాగస్వామి రిఫరీ, వయసులో నాకంటే పెద్దవారు, నాతో "చెల్లీ, మనం టోర్నమెంటు అయ్యేదాకా రిఫరీల బల్ల దగ్గరే తిందాం" అన్నారు. వద్దని చెప్పడం మన ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లకు తేలిక కాదు. "టోర్నమెంటు అయ్యాక తప్పకుండా తాగుదాం సార్" అనడం అలవాటు చేసుకున్నాను.

నవంబరులో గుంటూరు జిల్లాలో కళాశాల బాలుర మ్యాచ్. నాలుగో క్వార్టర్, గడియారంలో రెండు నిమిషాల లోపే ఉంది, రెండు పాయింట్ల తేడా. వెనకబడిన జట్టు కోచ్ నా వైపు చూసి చేతులతో టి చూపిస్తూ "టైమౌట్! టైమౌట్ మేడం!" అని అరుస్తున్నారు. బంతి ఆటలో ఉంది. నేను ఆపలేదు. టీవీలో అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్ళకు టైమౌట్ రిఫరీని అడిగితే వస్తుందని అనిపిస్తుంది. ఫిబా నియమాల్లో హెడ్ కోచ్ గానీ మొదటి సహాయ కోచ్ గానీ స్వయంగా టేబుల్‌ను అడగాలి. బంతి ఆగి గడియారం ఆగినప్పుడో, అవతలి జట్టు బుట్టలో వేసినప్పుడో ఇస్తారు. తర్వాతి అవకాశంలో ఆయనకు టైమౌట్ దొరికింది. కాసేపటికి ఇంకొకటి. చివర్లో మూడోది అడిగితే స్కోరర్ లేదన్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "రెండో సగానికి మూడు కదా! నేను రెండే వాడాను!" అంటూ నా దగ్గరికి వచ్చారు.

ఆయన అడిగింది ప్రశ్న. గొంతు పెద్దదే, కానీ ప్రశ్నే. బంతి ఆగి ఉంది. పక్కకు వెళ్ళి నిలబడి చెప్పాను: "మూడే సార్. కానీ చివరి రెండు నిమిషాల్లో రెండుకు మించి ఇవ్వరు. మొదటిది అంతకుముందే వాడుకోలేదు కాబట్టి అది పోయింది." ఆయన నమ్మలేదు. స్కోర్‌షీట్ దగ్గరికి తీసుకువెళ్ళి, వాడని మొదటి గడిలో స్కోరర్ గీసిన రెండు అడ్డగీతలు చూపించాను. కాసేపు ఆ గడినే చూసి వెనక్కి వెళ్ళిపోయారు. ఆ జట్టు ఓడింది. కరచాలనాలప్పుడు ఆయన అన్నమాట: "ముందే ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదమ్మా." గుర్తుచేయడం రిఫరీ పని కాదని నాకు తెలుసు. అయినా పిల్లలు ఏడుస్తూ బూట్లు విప్పుకుంటుంటే నాకు కష్టమనిపించింది. అప్పటినుంచి మ్యాచ్‌కు ముందు నమస్కారం పెట్టేటప్పుడే, "టైమౌట్ టేబుల్‌ను అడగండి సార్, చివరి రెండు నిమిషాల్లో రెండే" అని ఇద్దరికీ చెప్పేస్తున్నాను. అరనిమిషం పట్టదు.

ఇక డిసెంబరు మ్యాచ్. అంతర్ జిల్లా బాలికల సెమీఫైనల్. ఒక జట్టు కోచ్ పెద్దాయన, ఎంతోమందిని తయారుచేసిన మనిషి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక వేసవి శిబిరంలో నాకు లేఅప్ నేర్పింది ఆయనే. ముందురోజు రాత్రే ఈ సంగతి నిర్వాహకులకు చెప్పి, వేరే మ్యాచ్ ఇవ్వమన్నాను. మనుషులు లేరన్నారు. ఇలాంటిది మీకు ఎదురైతే మీరూ ముందే చెప్పండి, ఆ కాగితమో సందేశమో దాచుకోండి. తర్వాత ఎవరైనా వేలెత్తి చూపితే అదే ఆధారం.

మ్యాచ్‌కు ముందు భాగస్వామితో మాట్లాడుకున్నాం. ఇద్దరిలో ఎవరు టెక్నికల్ (దురుసు ప్రవర్తనకు వేసే ఫౌల్) ఇచ్చినా, రెండోవాళ్ళు ఆ కోచ్ దగ్గర నిలబడాలి. ఇచ్చినవాళ్ళు ఆ బెంచీ వైపు వెళ్ళకూడదు.

మొదటి క్వార్టర్‌లో ఆయన "చూసి వేయమ్మా, చూసి వేయి" అంటూ ఉన్నారు. అది నాకు కొత్త కాదు. రెండో క్వార్టర్‌లో ఆయన జట్టు అమ్మాయి బంతితో దూసుకెళ్ళి డిఫెండర్ గుండెల మీదికి గుద్దుకుంది. ఛార్జ్, అంటే దూసుకొచ్చిన అమ్మాయిదే తప్పని విజిల్ వేశాను. ఆయన లేచారు. "అది బ్లాక్ కాదా?" బ్లాక్ అంటే అడ్డుకున్న డిఫెండర్‌ది తప్పని. ప్రశ్న కాబట్టి జవాబు చెప్పాను: "డిఫెండర్ ముందే ఎదురుగా, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి ఉంది సార్." గొణుగుతూ కూర్చున్నారు. కొద్దిసేపటికే మళ్ళీ లేచి, సుద్దగీత దాటి దాదాపు మధ్య గీత దాకా వచ్చారు. ఫ్రీ త్రోకు ముందు ఆట ఆగినప్పుడు వెళ్ళి, ఆయన పక్కన నిలబడి, చుట్టుపక్కల వినబడనంత గొంతుతో, "సార్, గీత లోపలే ఉండి మాట్లాడండి. ఇది హెచ్చరిక" అన్నాను. తిరిగి వస్తూ భాగస్వామికి వేలితో సైగ చేశాను, హెచ్చరిక ఇచ్చానని. హెచ్చరిక ఇచ్చిన సంగతి ఇద్దరికీ తెలిసి ఉండాలి. లేకపోతే ఒకరు ఇచ్చింది రెండోవారు మళ్ళీ మొదటిసారిగా ఇస్తారు.

విరామంలో ఆయన మా కుర్చీల వైపు వచ్చారు. భాగస్వామి లేచి ఎదురువెళ్ళి, "సార్, రెండో సగంలో మాట్లాడుకుందాం" అని మర్యాదగా తిప్పి పంపారు. నేను నీళ్ళు తాగుతూ కూర్చున్నాను. చేతులు చల్లబడ్డాయి.

మూడో క్వార్టర్ మధ్యలో ఆయన జట్టు సెంటర్ అమ్మాయి అవతలి బుట్ట ముందున్న పెయింట్ ప్రాంతంలో, అనుమతి ఉన్న మూడు సెకండ్లు దాటి నిలబడింది. విజిల్ వేశాను. ఆయన భుజం మీద తువ్వాలు తీసి కోర్టులోకి విసిరారు. గ్యాలరీ అంతా వినేలా, "దీన్ని ఎవరు పెట్టారిక్కడ? ఎంత తీసుకుందో అడగండి!" అన్నారు.

ఒక్క క్షణం మైదానమంతా నిశ్శబ్దమైంది. నాకు తొమ్మిదో తరగతి గుర్తుకు రాలేదు, ఆయన వయసు గుర్తుకు రాలేదు. సీనియర్ రిఫరీ ప్లాస్టిక్ కుర్చీలోంచి అన్నమాట గుర్తుకు వచ్చింది. విజిల్ వేసి, ఛాతీ ముందు ఒక అరచేతి మీద రెండో చేతి వేళ్ళు నిలబెట్టి టి చూపించాను. తొందరపడలేదు. టేబుల్ దగ్గరికి నడిచాను, పరుగెత్తలేదు. స్కోరర్ డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి. పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, ఎక్కడ రాయాలో తోచక నా ముఖం చూసింది. "కోచ్ పేరు ఎదురుగా మొదటి గడిలో సి రాయి, పక్కన 1 వేయి" అన్నాను. సి అంటే కోచ్ స్వయంగా తెచ్చుకున్న టెక్నికల్, ఆ అంకె అవతలి జట్టుకు దక్కే ఒక ఫ్రీ త్రోను చూపిస్తుంది. ఈ ఫౌల్ జట్టు ఫౌల్స్ లెక్కలోకి రాదు, అందుకని ఆ గడులు ముట్టుకోవద్దని కూడా చెప్పాను. అవతలి కోచ్ ఎవరు వేయాలో చెప్పారు, ఆ అమ్మాయి వేసింది, పడింది. మూడు సెకండ్ల వల్ల బంతి ఎలాగూ వాళ్ళదే, మళ్ళీ వాళ్ళే లోపలికి వేశారు. భాగస్వామి వెళ్ళి పెద్దాయన పక్కన నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, అటు చూడలేదు.

ఆ తర్వాతి నాలుగైదు నిమిషాలు మొత్తం సీజన్‌లో అన్నిటికంటే కష్టమైనవి. టెక్నికల్ ఇచ్చాక మనసు లోపలినుంచి ఒక బేరం పెడుతుంది. ఆ జట్టుకు అనుకూలంగా ఒక విజిల్ వేసి సరిచేయమంటుంది. సరిగ్గా తర్వాతి ఆటలోనే అవతలి జట్టు అమ్మాయి షూట్ చేస్తున్నవాళ్ళ చెయ్యి మీద కొట్టింది, నా కళ్ళ ముందే. విజిల్ వేశాను. గ్యాలరీలో ఎవరో "చూశారా, లెక్క సరిచేసింది" అన్నారు. అక్కడ ఫౌల్ ఉంది, వేశాను, అంతే. గ్యాలరీ ఏమనుకుంటుందోనని భయపడి వేయకుండా ఉంటే అది ఆ పిల్లకు అన్యాయం. పెద్దాయన తర్వాత గీత దాటలేదు. రెండో సి వస్తే ఆయన వెళ్ళిపోవాల్సి ఉంటుందని ఆయనకూ తెలుసు.

అయిదు పాయింట్ల తేడాతో ఆయన జట్టు ఓడింది. టెక్నికల్ మీద ప్రొటెస్ట్ (ఫలితంపై అధికారిక అభ్యంతరం) ఇస్తామని కెప్టెన్‌ను పిలిచారు. పదహారేళ్ళ పిల్ల, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆట అయిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ స్కోర్‌షీట్ మీద నిర్ణీత స్థలంలో సంతకం చేయాలి. అయితే రిఫరీ నిర్ణయం నచ్చలేదని ప్రొటెస్ట్ చేయడానికి వీల్లేదు. స్కోరు, గడియారం లెక్కల్లో సరిదిద్దని పొరపాటు, మ్యాచ్ రద్దు లాంటి నిర్ణయాలు, ఆటగాళ్ళ అర్హత, వీటికే ప్రొటెస్ట్ ఉంటుంది. టోర్నమెంటు పెద్దలు ఈ సంగతి వివరించారు. సంతకం జరగలేదు. ఇదంతా అయ్యేదాకా మేమిద్దరం టేబుల్ దగ్గరే నిలబడ్డాం. చాలామంది కొత్త రిఫరీలు గొడవకు భయపడి వెంటనే వెళ్ళిపోతారు, వెళ్ళవద్దు. స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టేదాకా పని అయిపోలేదు.

ఆ రాత్రి ఎవరెవరో ఫోన్లు చేశారు. "పెద్దాయన కదా, వెళ్ళి క్షమాపణ అడిగిరామ్మా, తప్పేముంది" అన్నారు. తప్పు జరిగితే అడగడానికి నాకు నామోషీ లేదు. జరగని తప్పుకు క్షమాపణ చెబితే, రేపు ఇంకో ఆడపిల్ల విజిల్ పట్టుకున్నప్పుడు ఆమెను కూడా అడగమంటారు. వెళ్ళలేదు. నాన్న అంతా విని, "నువ్వు మాత్రం ఆయన్ను సార్ అనే అన్నావుగా?" అని అడిగారు. అన్నానని చెప్పాను. నిద్ర పట్టలేదు. ఎన్‌బీఏలో 1997లో మొదటిసారి మహిళా రిఫరీగా దిగిన వయొలెట్ పామర్ గురించి తెల్లవారుజాము దాకా చదువుతూ కూర్చున్నాను. మర్నాడు మైదానంలో పెద్దాయన ఎదురుపడితే నమస్కారం పెట్టాను. ఆయన చూడనట్టు వెళ్ళిపోయారు. ఇప్పటికీ మైదానం బయట నాతో మాట్లాడరు. ఫిబ్రవరిలో మళ్ళీ ఆయన మ్యాచ్ వచ్చింది. గీత లోపల నిలబడి, "అది ఎవరి మీద ఫౌల్?" అని అడిగారు. చెప్పాను.

జనవరి చివర్లో ఒక బాలుర ఫైనల్‌లో వేరే కోచ్‌ను పంపించాల్సి వచ్చింది. మొదటి క్వార్టర్‌లో నా భాగస్వామి ఇచ్చిన సి ఒకటి, నాలుగో క్వార్టర్‌లో నేను ఇచ్చింది ఒకటి. రెండు సిలు కాగానే పక్కన జీడీ (మ్యాచ్ నుంచి తొలగింపు) అని రాస్తారు, ఆయన ఇక ఉండకూడదు. మొదటి సహాయ కోచ్ హెడ్ కోచ్ అవుతాడు. పుస్తకంలో, డ్రెస్సింగ్ రూముకు వెళ్ళాలి లేదా భవనం బయటకు వెళ్ళాలని ఉంది. మా కోర్టుకు భవనమూ లేదు, డ్రెస్సింగ్ రూమూ లేదు. ఆయన గేటు దాటి, ఇనుప కంచె అవతల నిలబడి, ఫోనులో సహాయ కోచ్‌కు సూచనలు ఇవ్వడం మొదలుపెట్టారు! ఆట ఆపాను. నేను కంచె దగ్గరికి వెళ్ళలేదు. నిర్వాహకులను పిలిచి, ఆయన కనబడనంత దూరం వెళ్ళాకే మొదలుపెడతామని చెప్పాను. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు మధ్య వృత్తంలో బంతి పట్టుకుని నిలబడ్డాను. వెనకనుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

కానీ నివేదికలో రాయాల్సిందే. సంతకం పెట్టకముందే స్కోర్‌షీట్ వెనక జరిగింది రాయాలి. క్వార్టర్, గడియారంలో సమయం, అప్పటి స్కోరు, ఆయన అన్నమాట అన్నట్టుగా. "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే కమిటీకి ఏమీ తెలియదని సీనియర్లు ముందే చెప్పారు. నా గురించి, మా ఇంటివాళ్ళ గురించి అన్న ఆ మాటలను నా చేత్తో, నా దస్తూరీలో రాయడం వినడంకంటే కష్టంగా ఉంది. రాశాను. నా అభిప్రాయం ఒక్క ముక్క కలపలేదు. ఫోనులో రెండు వైపులా ఫోటో తీసుకున్నాను. మూడు వారాలకు కమిటీ నుంచి ఫోను వచ్చింది. అడిగింది ఒక్కటే: రెండో టెక్నికల్ ఇచ్చినప్పుడు గడియారంలో ఎంత ఉంది? ఫోటో చూసి చెప్పాను. తర్వాతి టోర్నమెంటులో ఆ కోచ్ బెంచీ మీద కూర్చోకూడదని నిర్ణయించారు.

డిసెంబరు, జనవరి మ్యాచ్‌ల డబ్బు మార్చి రెండో వారంలో ఖాతాలో పడింది. ప్రయాణ ఖర్చులు కొన్నిచోట్ల ఇచ్చారు, కొన్నిచోట్ల ఇవ్వలేదు. బూట్ల అడుగు అరిగిపోయింది, కొత్తవి కొనాలి. ఈసారి పరీక్ష రాస్తున్నవాళ్ళు బస్సు టికెట్లు పారేయకండి, అడిగినప్పుడు చూపించాల్సి వస్తుంది. సంచిలో రెండో విజిల్, నీలం పెన్ను, సుద్దముక్కలు పెట్టుకోండి. జులై శిబిరంలో కోచ్ కుర్చీలో కూర్చుని అరిచే పని ఈసారి నాకు ఇచ్చారు, అక్కడ కలుద్దాం.